పురుగుల ఇంటి గుమ్మం

మహేష్ వదిలేసిన మూడోవారానికి సింధూజ అతన్ని కథలో చంపాలని నిశ్చయించుకుంది. చంపేముందు పేరు మార్చి శివకుమార్‌ను చేసింది. పుంగనూరు మనిషిని కుప్పానికి తరలించింది. రేపు కథ అచ్చయితే మదనపల్లెలో ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలంటే ఆమాత్రం దూరం కావాలి. సెల్‌ఫోన్ల దుకాణం తీసేసి పట్టుపురుగుల పెంపకం అప్పగించింది. మీసం మాత్రం ఉంచింది. దాన్ని తియ్యడానికి చెయ్యి రాలేదు.

ముగింపు కుదిరితేగానీ మనిషి మనసులోంచి దిగడని ఆమె నమ్మకం. అదే కుదరడం లేదు. మొదటిసారి పాము చేత కరిపించింది. చదువుకుంటే పాము మీద జాలేసింది. రెండోసారి లారీ. లారీ డ్రైవరు గతేమిటన్న దిగులు పట్టుకుంది. మూడోసారి మనిషిని వదిలి పంటను పట్టుకుంది. కథానాయిక మల్లెపూలు పెట్టుకుని, అతను పట్టుపురుగులు పెంచే ఇంట్లోకి వెళుతుంది. అతను కాదంటాడు. ఆమె ఉసురు తగిలి తెల్లారేసరికి అతనూ అతని తల్లీ పెంచిన పురుగులన్నీ చచ్చిపడి ఉంటాయి. ఇది బాగుందనిపించింది. వారపత్రిక మెయిలు చిరునామా కూడా సంపాదించింది.

ఆరోజే తంబళ్లపల్లె వైపు నుంచి పెద్దమ్మ తిమ్మక్క పట్టుగూళ్లు అమ్ముకోవడానికి మదనపల్లె వచ్చి, మార్కెట్లో పని ముగించుకుని, అన్నం వేళకు వీళ్లింటికి చేరింది. పట్టుపురుగులతో ఆమెది ముప్పైయేళ్ల కాపురం.

"ఏమ్మే, కతలు రాస్తాండావంట. సదువు, విందాం" అంది సంగటి ముద్ద తుంచుకుంటూ.

సింధూజ చదివింది. మల్లెపూల దగ్గరికొచ్చేసరికి తిమ్మక్క చెయ్యి కంచంలో ఆగిపోయింది. కళ్లు చెమర్చాయేమోనని సింధూజ ఆశగా చూసింది.

"పూలు పెట్టుకోని పురుగులింట్లోకి పోయిందా?"

"పోయింది పెద్దమ్మా."

"పౌడరు గూడా కొట్టుకున్యాదా?"

"కొంచెం."

"వాడు రైతేనా మే? ఆ వాసనకు పురుగు మేత ముడతాదా? మా కోడలు మునిలక్ష్మి కొత్త పెండ్లికూతురు, సెంటు కొట్టుకోనొస్తే దాన్నే గడప దాటనీలేదు నేను. పురుగుకు తెగులు తగలకుండా గడపకాడ సున్నం తొక్కందే మీ పెదనాయన్నే రానీను. ఈ పాపను యాల రానిచ్చినాడు?"

"ప్రేమించాడు కదా!"

"ప్రేమించినోడు తానే బయటికొచ్చి మాట్లాడతాడు. ఆడ అరుగు లేదా, సాప లేదా? లోపలికి రానీక, వాడూ బయటికి రాక, ఆ పాప గుమ్మంలో ఎంతసేపని నిలబడుకోవల్ల?"

రెండేళ్లు, అనబోయి సింధూజ ఆగింది. పుంగనూరులో మహేష్ దుకాణం అద్దాల బల్లకు ఇవతలే నిలబడి రెండేళ్లు మాట్లాడింది. లోపలికి రమ్మని అతను అనలేదు. బల్ల దాటి ఇవతలికీ రాలేదు. పాము, లారీ సరే. లోపలికి రానిచ్చాడని రాయడం అన్నిటికంటే పెద్ద అబద్ధమని ఇప్పుడు తెలిసింది.

"ఇంగోటి," అంది తిమ్మక్క మజ్జిగ పోసుకుంటూ. "వాడు జేసిన పనికి పురుగులేం జేసినాయి? పగలూ రాత్రీ ఆకు కోసి ఏసిండేది వాళ్లమ్మ. ఉసురు ఆమెకా తగలాల?"

 తిమ్మక్క కంచం కడిగి, నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం సింధూజ ముగింపు తీసేసింది. కొత్తదానిలో కథానాయిక గుమ్మంలోనే నిలబడుతుంది. వల తలుపు అవతల పురుగులు ఆకు తింటున్న చప్పుడు వానలా వినిపిస్తుంటుంది. అతను వెనక్కి తిరగకుండానే, ఇప్పుడు కుదరదంటాడు. ఆమె కాసేపు ఆ వాన విని, చెప్పులు తొడుక్కుని బస్టాండుకు పోతుంది. అతను వీపు చూపించి నిలబడ్డాక మీసంతో పని లేకపోయింది. తీసేసింది.

వారం తర్వాత తిమ్మక్క ఫోన్ చేసింది.

"వాడికి పంట వచ్చిందా మే?"

"వచ్చింది పెద్దమ్మా. మంచి రేటు పలికింది."

"అట్ల జెప్పు!" అంది తిమ్మక్క, గండం గడిచినట్టు.

ఆ పాప ఏమైందని పెద్దమ్మ అడగలేదు. సింధూజ ఫోన్ పెట్టేసి కథను పత్రికకు పంపించి, బియ్యం కడగడానికి లేచింది.