సర్వర్ దొరకని మధ్యాహ్నం

కంప్యూటర్ బిల్లు లేనిదే చేపల లారీ కళింగపట్నం దాటదు. అకౌంటెంట్ ఝాన్సీ తెరమీద మాత్రం ఒకటే మాట, డేటాబేస్‌కు కనెక్షన్ లేదని. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచింది, పాస్‌వర్డ్ సరిచూసింది. బయట లారీలో ఐసు నీరై కారిపోతోంది.

"ఏటి పిల్లా, సేపలు కుళ్లిపోనాక ఇస్తావేటి బిల్లు?" అన్నాడు యజమాని యుగంధర్.

సర్వర్ ఉన్నది పెరటి షెడ్డులో. అక్కడిదాకా వెళ్లే కేబుల్ వెంట పరుగెత్తిన ఝాన్సీ సగం దారిలో ఆగిపోయింది. నీలం తీగ పొడవునా ఉప్పుచేపలు వేలాడుతున్నాయి. ఆ బరువుకు తీగ సర్వర్ నుంచి ఊడివచ్చింది.

"జగ్గమ్మత్తా, ఇది దండెం కాదు."

"కాళీగా ఉన్నాది గదా అని ఆరేసినాను," అంది పెరట్లో చేపలు ఎండబెట్టే జగ్గమ్మ.

ఝాన్సీ చేపలు తీసేసి కొస బిగించింది. ఆఫీసులోకి దూసుకెళ్లి మీట నొక్కింది. ప్రింటర్ గరగరమంది. బిల్లందుకున్న లారీ దుమ్ము రేపుకుంటూ కదిలింది.