సయీదా సాఫీ

చక్రపాణికి ఒక ఊతపదం ఉంది. సాఫీ. ఆఫీసులో రిలీజు గట్టెక్కితే సాఫీ, కారుకి ఆయిల్ మార్పించుకొస్తే సాఫీ, అత్తగారికి ఫోన్ చేసి రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తే అదీ సాఫీయే. ఒంగోలులో వాళ్ల నాన్నకు లారీల వ్యాపారం ఉండేది. సరుకు చేరిందా అని అడిగితే డ్రైవర్లు చెప్పే జవాబట అది. ఒంగోలు నుంచి అమెరికాలోని బెంటన్‌విల్ దాకా అతని వెంటే వచ్చింది. స్నేహితుడు లక్ష్మీపతి అయితే ఫోనెత్తగానే "ఏం సాఫీ, ఎలా ఉన్నావ్?" అనే పలకరిస్తాడు.

ఆ మాట వింటే అతని భార్య రేణుకి ఒళ్లు మండేది. తన బతుకులో అంత సాఫీగా ఉన్నదేమిటో ఆమెకు కనిపించేది కాదు. హైదరాబాదులో ట్రావెల్ ఏజెన్సీలో చేసిన మనిషి. ఎవరెవరినో ఎక్కడెక్కడికో పంపిన మనిషి. ఇక్కడికొచ్చాక హెచ్-ఫోర్ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు, ఉన్న ఒక్క కారూ పొద్దున్నే మొగుడితో వెళ్లిపోతుంది. కారు లేకపోతే ఆ ఊళ్లో కాళ్లున్నా లేనట్టే. వంట, వాన వెలిశాక బాల్కనీ, మళ్లీ వంట. ఇలాంటి రోజుల్లోనే కింద లాండ్రీ గదిలో సయీదా పరిచయమైంది.

సయీదా వీళ్ల పై ఫ్లాట్‌లోనే ఉండేది. మొరాకోలో ఫెజ్ అనే ఊరు ఆమెది. స్కూలు కెఫెటీరియాలో పని, మొగుడు లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఇద్దరిదీ వచ్చీ రాని ఇంగ్లీషే కనుక ఒకరి తప్పులు ఒకరికి వినపడేవి కావు. స్కూలు వదిలాక సయీదా పుదీనా టీ కాచేది. కూజా తలకంటే పైకెత్తి ఎక్కడో కిందున్న చిన్న గాజు గ్లాసులోకి ధార పోస్తే, పైన నురగ కట్టాలి. నురగ రాకపోతే ఆ టీ వాళ్లింట్లో ఎవరూ ముట్టరట.

టీ తాగుతూ ఆమె తన ఊరు చెప్పేది. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాల్సినంత ఇరుకు సందులు. బరువు మోసుకొచ్చే గాడిదల వెనక "బాలక్! బాలక్!" అని అరుపులు, అంటే తప్పుకోండని. వీధిలోకి కిటికీ అన్నది లేని ఇళ్లు, తలుపు తీస్తే లోపల ఆకాశం కనిపించే మండువా, మధ్యలో నీళ్లు. పేటకొక పొయ్యి. ప్రతి ఇంటినుంచీ పిండి ముద్దలు పలక మీద పెట్టి అక్కడికి పంపిస్తారు, ఏ రొట్టె ఎవరిదో పొయ్యివాడికి చూడగానే తెలుస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం ప్రతి ఇంట్లో కుస్కుస్, ఆవిరి మీద ఉడికిన గోధుమరవ్వ, పైన కూరముక్కలు, మాంసం. ఒకటే పెద్ద పళ్లెం, చుట్టూ అందరూ. ఎవరి ముందున్నది వాళ్లు తినాలి, మధ్యలో ఉన్న మాంసాన్ని ఇంటి ఇల్లాలు అతిథి వైపు తోస్తుంది. అలా తోస్తేనే అతిథి మనవాడైనట్టు. మాంసం మాట పక్కన పెట్టి, ఆ పళ్లెం చుట్టూ తనూ ఒకత్తెయి కూర్చోవాలని రేణుకి మనసైంది.

ఒకరోజు సయీదా ఆగకుండా టీ పోస్తూ, "చాలనుకుంటే సాఫీ అను, ఆపుతాను" అంది. రేణుకి నవ్వాగలేదు. మా దగ్గర సాఫీ అంటే ఇబ్బంది లేకుండా సాగుతోందని, మా ఆయన పొద్దస్తమానం అదే అంటాడని చెప్పింది. సయీదా కూడా నవ్వి, ఆ తర్వాత నవ్వు తగ్గించి చెప్పింది.

"మా దగ్గర అది ఆపే మాట. టీ చాలంటే సాఫీ. పిల్లలు కొట్టుకుంటుంటే సాఫీ. పెళ్లి తెగిపోయినా సాఫీ. మా అక్క నాతో అన్న ఆఖరి మాట కూడా అదే."

అక్క పేరు లతీఫా. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆమే. సయీదా పెళ్లికని రొట్టెల మీద కప్పే గుడ్డ కుట్టడం మొదలుపెట్టింది, తెల్లటి గుడ్డ మీద ఫెజ్ వాళ్ల నీలం దారపు పని. సగం అయ్యేసరికి చెల్లెలు అక్కకి ఇష్టంలేని లారీ డ్రైవర్ని చేసుకుని అమెరికా వెళతానంది. లతీఫా ఆ సగం గుడ్డ చెల్లెలి ఒళ్లోకి విసిరి సాఫీ అంది. అప్పట్నుంచీ ఫోనెత్తదు. సయీదా ఆ గుడ్డని ఏళ్ల తరబడి, స్కూలు సెలవుల్లో, అక్క ఆపిన చోటునుంచే కుట్టుకుంటూ వచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రేణు ఈ మాట సంగతి మొగుడికి చెప్పింది. చక్రపాణి లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా విన్నాడు. అతని వినికిడి అంతంత మాత్రమే.

"అంటే వాళ్లు కూడా సాఫీ అంటారా? భలే ఉందే!" అన్నాడు.

"అర్థం వేరండీ. ఇక చాలు, అయిపోయింది అని."

"ఊఁ. ప్రపంచమంతా మనవాళ్లే."

అక్కడితో ఆ కబురు అతని చెవిలోకి సగమే దిగి ఆగిపోయింది.

ఆ వేసవిలో మొరాకో యాత్ర ఆలోచన రేణుదే. క్రిస్మస్ సెలవుల్లో తామిద్దరూ, లక్ష్మీపతీ, అతని భార్య రేష్మ. కాసాబ్లాంకాలో దిగి రైల్లో ఫెజ్, అక్కణ్నుంచి వ్యాన్‌లో కొండలు దాటి ఎడారి, తిరుగు దారిలో మరాకెష్. ఏ ఊళ్లో ఏ సందులో దిగాలో, ఏ రోజు ఏ బజారు మూసేస్తారో, ఏ ద్వారం బయటివైపు నీలంగా ఉండి లోపలివైపు పచ్చగా ఉంటుందో అంతా సయీదాని అడిగి సిద్ధం చేసింది. రేణు ముఖంలోకి మళ్లీ కళ వచ్చింది. రేష్మ కూడా "అక్కా, నువ్వు జాబ్ చేసుంటే అదరగొట్టేదానివి" అంది.

అన్నిటికంటే ముఖ్యం ఫెజ్‌లో శుక్రవారం. సయీదా ఫెజ్‌లో అక్క పక్కింటివాళ్ల చేత ఆమెకు కబురంపింది. నా స్నేహితురాలు వస్తోంది, నువ్వు నాతో మాట్లాడకు, ఆమెకు అన్నం పెట్టు చాలు అని. వారం తర్వాత జవాబొచ్చింది. రమ్మను, కుస్కుస్ చేస్తాను అని. సయీదా ఆ రోజు కెఫెటీరియా ఏప్రన్‌తోనే రేణు ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి ఏడ్చింది.

"నా బదులు నువ్వు తిను. తిన్నాక గుడ్డ ఇవ్వు. నువ్వు ఆపింది నేను పూర్తి చేశానని చెప్పు. తను నీవైపు మాంసం తోసిందంటే నన్ను క్షమించినట్టే."

ప్రయాణం ఇక వారం ఉందనగా చక్రపాణి నీళ్లు నమిలాడు. రేణు పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఎప్పుడో అయిపోయింది, ఆ కాగితాల పని నాదన్నది అతనే. బయటికి వెళితే మళ్లీ స్టాంపింగ్ అయితేగాని రానివ్వరు. అతను కిందటేడు తమ్ముడి పెళ్లికి ఒక్కడే ఇండియా వెళ్లినప్పుడు తనది చేయించుకున్నాడు. "నువ్వు ఈసారికి ఆగు రేణూ. కాసాబ్లాంకాలో ఇరుక్కుంటే ఎవరు చూస్తారు?"

"ఈ సంగతి ఇప్పుడు తెలిసిందా మీకు?"

అతను ఫోన్ తిరగేసి బల్ల మీద పెట్టాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆగస్టులో లాయర్ చెప్పాడు. ముందే చెప్తే నువ్వు ఇంత ప్లాన్ చేసేదానివా?"

చక్రపాణి చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే అబద్ధమైనా ఆడేవాడు. రేణు ఆ పూట అన్నం తినలేదు. పుట్టిల్లు పక్క వీధిలో ఉంటే వెళ్లిపోయేది, ఇక్కడ ఎక్కడికి వెళుతుంది? పై ఫ్లాట్‌కి వెళ్లింది. సయీదా అంతా వింది. తర్వాత లోపలికెళ్లి గుడ్డ తెచ్చి, "మీ ఆయన చేత పంపు, నీ బదులు ఆయన వస్తున్నాడని అక్కకు కబురు పెడతాను" అంది.

రేణు మొగుణ్ని కూర్చోబెట్టి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. చెప్పులు విప్పండి. కూర్చోండి. మీరు మాంసం తినకపోయినా ఫరవాలేదు, కూరముక్కలతో తినండి, కానీ తినండి. తిన్నాకే గుడ్డ ఇవ్వండి. "ఇది నా పని కాదు, సయీదా పని. ఇంకేం అడగను మిమ్మల్ని."

"ఏం కాదులే, నేను చూసుకుంటాగా," అన్నాడు చక్రపాణి.

వాళ్లు ముగ్గురూ వెళ్లారు. రేణు ఆర్కన్సాలో తన వంటింట్లో నిలబడి మొరాకోలో దారి చూపించింది. "రేణూ, ఎడమకా కుడికా?" "ఎదురుగా కుళాయి కనిపిస్తోందా? దాని పక్క సందు." చక్రపాణి ఫోన్లో ఉప్పొంగిపోతున్నాడు. బజార్లో వెంటపడే అమ్మేవాళ్లతో సాఫీ అంటే చాలు, నవ్వి వెళ్లిపోతున్నారట. "మన మాట ఇక్కడ మంత్రంలా పనిచేస్తోందోయ్!" రేణు ఒకసారి నోరు తెరిచింది. అప్పటికే అతను ఫోన్ రేష్మ చేతికిచ్చాడు.

శుక్రవారం వచ్చింది. ఫెజ్‌లో మధ్యాహ్నమంటే బెంటన్‌విల్‌లో ఇంకా పొద్దున్నే. స్కూలు సెలవులు కనుక సయీదా ఇంట్లోనే ఉంది. తెల్లారకముందే లేచి కుస్కుస్ ఆవిరికి పెట్టింది. అక్క అక్కడ పెట్టేవేళకే తానిక్కడ రేణుకి పెట్టాలని ఆమె పిచ్చి ఆశ. రేణు స్నానం చేసి పండగ చీర కట్టుకుని ఫోన్ కోసం కూర్చుంది. మోగింది.

"అయిపోయిందోయ్, ఇచ్చేశా. సాఫీ."

"భోంచేశారా?"

"టైమెక్కడిది! వ్యాన్‌వాడు హారన్ మీద హారన్. చీకటిపడేలోగా కొండ దాటాలంటాడు. గుమ్మంలోనే చేతిలో పెట్టొచ్చేశా."

"కూర్చోలేదా? ఒక్క ముద్దయినా?"

"లోపల చాలామందే ఉన్నారు, పెద్ద పళ్లెం కూడా పెట్టారు. ఆవిడకి ఇంగ్లీష్ రాదు, మనకి అది రాదు. అయినా నేను ఊరుకుంటానా? గుడ్డ ఇచ్చి, సయీదా బావుందని చెప్పాగా, వాళ్ల మాటలోనే! సయీదా సాఫీ, సాఫీ అన్నా. ఇలా రెండు చేతులూ ఊపి మరీ చెప్పా. మన నోట ఆ మాట వినేసరికి ఆవిడ బిత్తరపోయిందనుకో!"

వెనకనుంచి లక్ష్మీపతి నవ్వు వినిపించింది. రేణు ఫోన్ పెట్టేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కింది.

సయీదా ఇంటి తలుపు తెరిచే ఉంది. బల్ల మీద పెద్ద పళ్లెంలో కుస్కుస్ పొగలు కక్కుతోంది. పక్కనే సయీదా పచ్చటి పొడుగు కఫ్తాన్ తొడుక్కుని, కళ్లకు కాటుక పెట్టుకుని, ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"అక్క ఫోన్ చేసింది," అంది. "ఇన్నేళ్ల తర్వాత అక్క గొంతు విన్నాను. గుడ్డ తిప్పి పంపావు, అందింది, మాట కూడా అందింది, అంది. సాఫీ అంది. పెట్టేసింది."

రేణు చెప్పింది. వచ్చీ రాని ఇంగ్లీషులో, తెలుగులో, చేతులతో. మా ఆయన అన్నది ఆ సాఫీ కాదు, మా సాఫీ, నువ్వు బాగున్నావని చెప్పాలనుకున్నాడు అని. సయీదాకి వెంటనే అర్థమైంది. అర్థం కావలసింది ఆమెకు కాదు. ఫోన్ చేసింది. అక్క ఫోను మోగి మోగి ఆగింది. పక్కింటివాళ్లకి చేసింది. వాళ్లు వెళ్లి తలుపు తట్టారట. లతీఫా తలుపు తియ్యకుండానే, ఈ ఇంటి అన్నం అతిథి లేకుండా చల్లారిపోయింది, ఇక మాటలెందుకు అందట.

"మాట తప్పయింది, సరే," అంది సయీదా చివరికి. "ఒక్కసారి కూర్చోలేకపోయాడా? కూర్చుంటే మాటే అక్కర్లేదు కదా రేణూ."

ఇద్దరూ పళ్లెం ముందు కూర్చున్నారు. సయీదా అలవాటుకొద్దీ మధ్యలోని మాంసం ముక్కని రేణు వైపు తోసింది. పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టని రేణు అది నోట్లో పెట్టుకుంది. మింగింది కూడా. అదేమీ ఎవరికీ పనికి రాలేదు. తర్వాత రోజుల్లో సయీదా మెట్ల మీద కనిపిస్తే నవ్వేది, టీకి మాత్రం పిలవలేదు. ఆమె కోపం పెట్టుకునే మనిషి కాదు. రేణు ముఖం చూస్తే గుర్తొచ్చేది, అంతే.

చక్రపాణి ఎర్రగా కమిలి, రెండు తోలు సంచులతో, రేణుకో తోలు చెప్పుల జతతో తిరిగొచ్చాడు. చెప్పులు ఒక సైజు పెద్దవి. రేణు కాఫీ కలుపుతూ జరిగిందంతా మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. అతను నిజంగానే నొచ్చుకున్నాడు, కాఫీ సగం అయ్యేవరకూ.

"అయ్యో. చిన్న మాటకి అంత పట్టింపా! పోన్లే, అక్కాచెల్లెళ్లు, వాళ్లే కలిసిపోతారు. నువ్వు మనసులో పెట్టుకోకు." అని కప్పు కింద పెట్టి, ముఖం వెలిగించుకుని, "ట్రిప్పు మాత్రం సూపర్ రేణూ. నువ్వు చెప్పిన సందు చెప్పినట్టే ఉంది. లక్ష్మీపతి వచ్చే ఏడాది టర్కీ అంటున్నాడు. నువ్వే ప్లాన్ చెయ్యాలి. ఏమంటావ్?"

రేణు అతని ముఖం చూసింది. ఆగస్టులో తెలిసి డిసెంబరు దాకా నవ్వుతూ తనతో సందులు లెక్కపెట్టించిన ముఖం. దానిమీద ఎక్కడా పాపం అనేది లేదు. ఆమెకు ఏడుపు రాలేదు, అరవాలనీ అనిపించలేదు. అరిస్తే మళ్లీ సగమే వింటాడు.

"సాఫీ," అంది.

"అదీ! అలా ఉండాలి," అని చక్రపాణి హాయిగా నవ్వి, లక్ష్మీపతికి చెప్పడానికి ఫోన్ తీసుకున్నాడు.