బీట్‌రూట్ పెట్టిన రోజు

ఆ రోజు కోడలు మొదటిసారి పిల్లను నా మీద వదిలి పనికి వెళ్లింది. ఎనిమిది నెలల పిల్ల. పేరుంది గానీ ఇంట్లో అందరికీ బుడంకాయే. మా అబ్బాయి లారీ మీద వెళ్లాడు, మూడు రోజులకు గానీ రాడు.

"మావయ్యా, దానికి ఏం పెట్టాలో రాసి ఫ్రిజ్‌కి అంటించా. చూసుకోండి" అంది కోడలు చెప్పులు వేసుకుంటూ.

"ఊఁ" అన్నాను.

నేను బడికి వెళ్లింది మూడేళ్లు. అక్షరాలు కూడబలుక్కుంటాను. ఒత్తులొస్తే ఊహించుకుంటాను. ఈ సంగతి కోడలికి తెలియదు. నేను చెప్పలేదు. పేపరు పట్టుకుని కూర్చుంటే చదువుతున్నాననే అనుకుంటుంది.

కాగితం మీద మూడు వరుసలు. క్యారెట్ పెట్టొచ్చు. గుమ్మడికాయ పెట్టొచ్చు. మూడోది బీట్‌రూట్. దాని పక్కన మాట కూడా పై రెండింటి అంత పొడుగే ఉంది. అదీ పెట్టొచ్చే అనుకున్నాను. క్యారెట్లు వాడిపోయాయి. గుమ్మడికాయ కోయాలంటే పెద్ద కత్తి తీయాలి, పిల్లేమో కాళ్ల దగ్గరే పాకుతోంది. బీట్‌రూట్ తీశాను.

కడిగి, తోక కోయకుండా తొక్కతోనే ఉడకేశాను. ముందే కోస్తే రంగంతా నీళ్లలోకి దిగిపోతుంది. మెత్తబడ్డాక చల్లార్చి బొటనవేలితో తోస్తే తొక్క చొక్కా విప్పినట్టు ఊడొచ్చింది. మెదిపి, జల్లెడలో వేసి చెంచాతో నొక్కాను. ముప్పై ఏళ్లు గోడలకు రంగులు వేసినవాణ్ని, వడగట్టడం నాకు కొత్త కాదు. పిల్ల నాలుగు చెంచాలు తిని ఐదోది నా చొక్కా మీద ఊసింది.

మధ్యాహ్నం మూడింటికి డైపర్ మార్చాను. లోపల ఎర్రగా ఉంది.

ఒకప్పుడు గోడను చూసి ఏ డబ్బాలో రంగో చెప్పేవాణ్ని. ఆ ఎరుపు ఏ ఎరుపో చెప్పలేకపోయాను. రక్తం అన్న మాట తప్ప ఇంకేదీ బుర్రలోకి రాలేదు. పిల్ల ఏడవడం లేదు. కాళ్లు కొట్టుకుంటూ నన్ను చూసి నవ్వుతోంది. దాంతో ఇంకా భయమేసింది.

దాన్ని చంకనేసుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాను. కాగితం మీద వేలు పెట్టి చూశాను. పై రెండు వరుసల చివర ఒకే అక్షరం. మూడో వరుస చివర వేరే అక్షరం. కూడబలుక్కున్నాను. పె. ట్టొ. ద్దు.

వద్దన్నది పెట్టాను.

కోడలికి మళ్లీ మళ్లీ ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఫ్యాక్టరీలో పనిలో ఉన్నంతసేపూ వాళ్ల ఫోన్లు బయట పెట్టెలో ఉంటాయి. డైపర్‌ను కవర్లో చుట్టి, తలుపు వేశానో లేదో కూడా చూసుకోకుండా మెట్లు దిగాను. రెండు అంతస్తులు. పిల్ల గుండె నా గుండెకు తగులుతోంది. అది కొట్టుకుంటోందా లేదా అని మెట్టు మెట్టుకీ ఆగాను.

వీధి చివర మందుల షాపాయన కవరు విప్పి చూశాడు.

"ఏం పెట్టావ్ తాతా?"

"బీట్‌రూట్."

"జ్వరం ఉందా? వాంతులయ్యాయా?"

"లేదు."

పిల్ల పొట్ట నొక్కి చూశాడు. అది ఆయన కళ్లజోడు లాగేసింది.

"ఇది నిక్షేపంగా ఉంది. నీకే ఏదో ఒక మందు ఇవ్వాల్సొచ్చేలా ఉంది. రక్తం కాదు తాతా, బీట్‌రూట్ రంగు. పిల్లలకి అలాగే వస్తుంది. నీ చేతులు చూసుకో, ఎవర్నో పొడిచొచ్చినట్టున్నావ్."

నవ్వు రాలేదు నాకు. "మరి కోడలు వద్దని ఎందుకు రాసింది?"

"అది మీ కోడల్నే అడుగు."

ఏదో ఉండే ఉంటుంది. ఈయనకు తెలియనిది, పిల్లను చూసే డాక్టరు కోడలికి మాత్రమే చెప్పినదేదో. కోడలు ఊరికే వద్దనే మనిషి కాదు. షాపు ముందు బల్ల మీద కూర్చుని పిల్ల పెదాలే చూస్తూ ఉండిపోయాను. నీలంగా అవుతున్నాయేమోనని. పావుగంటకు ఫోన్ మోగింది.

"ఏంటి మావయ్యా, ఆరుసార్లు చేశారు? బుడంకాయ బాగానే ఉందా?"

"బీట్‌రూట్ పెట్టానమ్మా."

"అయ్యో! ఎర్రగా వెళ్లిందా?"

"ఊఁ. ఏమవుతుంది దానికి?"

"దానికేమవుతుంది? మొన్న నేను పెడితే అలాగే వచ్చింది, నాకే పై ప్రాణాలు పైనే పోయాయి. మీరొక్కరే ఉంటారు, చూసి హడలిపోతారని వద్దని రాశా. అయినా రాశాను కదా మావయ్యా, చూడలేదా?"

చూడలేదు అంటే సరిపోయేది. కళ్లజోడు దొరకలేదు అన్నా నమ్మేది. కానీ రేపు ఆ కాగితం మీద మందు పేరు ఉంటే? ఎన్ని చుక్కలో ఉంటే?

"చూశాను. పెట్టొచ్చు అనుకున్నా. నాకు ఒత్తులు సరిగా రావమ్మా."

అవతల మిషన్ల చప్పుడు వినబడుతోంది.

"పోనీ, ఈసారి పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తా" అంది మెల్లగా.

"రాయొద్దు. చెప్పు. వింటాను" అన్నాను.