పౌర్ణమి నాటి వేట

తల్లి అంకెలు చదవాలి, కూతురు కంప్యూటర్లో కొట్టాలి. ఆ వసంతకాలమంతా అమెరికాలో, ట్రాయ్ ఊళ్ళోని ఆ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు అలాగే గడిచాయి.

కాగితాలు ఆఫ్రికా నుంచి వచ్చేవి. అక్కడ టాంగన్యీకా అని ఒక మహా సరస్సు ఉంది. ఒకే కంచం చుట్టూ నలుగురు తోడికోడళ్ళ పిల్లలు కూర్చున్నట్టు, నాలుగు దేశాలు దాని చుట్టూ కూర్చున్నాయి. ఎవరెంత చేప పట్టుకోవాలి, ఏ ఒడ్డున ఎన్నాళ్ళు వేట ఆపాలి అన్నది తేల్చడానికి ఆ నాలుగు దేశాల వాళ్ళూ ఒక కమిటీ పెట్టుకున్నారు. ఆ కమిటీకి లెక్కలు తీసి ఇచ్చే పని, యూనివర్సిటీలో పాఠాలు చెప్పే కూతురు నీహారికది. సరస్సు చుట్టూ పదకొండు రేవుల్లో పదకొండుమంది మనుషులు, రోజూ ఎన్ని పడవలు వెళ్ళాయి, ఎన్ని బేసిన్ల చేప దిగింది అని రాసి, ఆ కాగితాన్ని ఫోటో తీసి వారానికోసారి పంపేవారు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే అమ్మాయిని, ఫండింగ్ ఆగిపోయిందని జనవరిలో తీసేశారు. పని మాత్రం ఆగలేదు.

"అమ్మా, నీకు అంకెలొచ్చుగా. నువ్వు చదువు, నేను టైప్ చేస్తా. ఇద్దరం కలిస్తే సగం టైమ్‌లో అయిపోతుంది," అంది నీహారిక, ఫోటోలన్నీ ప్రింట్ తీసి తల్లి ఒళ్ళో పెడుతూ.

శేషమ్మ బడి ముఖం చూడలేదు. ఉప్పాడ పక్కన చేపల బుట్ట మోస్తూ తిరిగిన రోజుల్లో బస్సుల మీద ఊళ్ళ పేర్లు చూసి, పకోడీల పొట్లాలు విప్పి ఆ కాగితాలు చదివి, అక్షరాలు తనంతట తానే పట్టుకుంది. పట్టుకున్నాక వదల్లేదు. ఇప్పుడు డెబ్భై దాటినా, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ఉప్పు ప్యాకెట్ మీద రాతలు కూడా చదువుతుంది.

చదవడం ఎంత ఇష్టమో, భయం అంత అలవాటు. అల్లుడు చక్రధర్ ఆఫీసు నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే వెళ్ళి కిటికీ దగ్గర నిలబడుతుంది.

"అత్తయ్యా, నేను వెళ్ళొచ్చింది కార్ల ఫ్యాక్టరీకి. బంగాళాఖాతానికి కాదు," అని నవ్వేవాడు అతను, బూట్లు విప్పుతూ.

ఆమె నవ్వేది కాదు. పొయ్యి మీద పప్పు వేడి చేసేది.

పదకొండు రేవుల్లో ముటింబా రేవు కాగితాలంటే శేషమ్మకి ముచ్చట. అక్కడ రాసేవాడి పేరు రషీదీ. వాడూ వేటగాడే. తెల్లారి పడవ దిగి, వల ఆరేసి, ఆ తడి చేత్తోనే రాస్తాడేమో, కాగితం అంచు ఎప్పుడూ ఉబ్బి ఉండేది. ఏడు అంకె నడుమ చిన్న అడ్డగీత పెట్టేవాడు. ఆ గీత చూస్తే, నడుముకి తువ్వాలు చుట్టుకున్న మనిషి కనిపించేవాడు ఆమెకి.

ఏప్రిల్ మూడో ఆదివారం, మూడు నెలలుగా పేరుకుపోయిన ముటింబా కాగితాలన్నీ ఒక్కసారే ముందేసుకున్నారు. శుక్రవారానికి రిపోర్టు కమిటీకి వెళ్ళాలి.

"మార్చి పదమూడు. పడవలు పద్నాలుగు. బేసిన్లు నలభై ఏడు," అని చదివి శేషమ్మ ఆగింది.

ఏడుకి గీత లేదు.

"ఊఁ, తర్వాత?"

"మార్చి పద్నాలుగు. పడవలు పదిహేను. బేసిన్లు యాభై రెండు."

నోరు చదువుతూనే ఉంది, కళ్ళు మాత్రం ఫ్రిజ్ మీదికి వెళ్ళాయి. తెలుగు సంఘం వాళ్ళిచ్చిన క్యాలెండర్ అక్కడ వేలాడుతోంది. మార్చి పద్నాలుగు గడిలో నిండు చందమామ బొమ్మ ఉంది.

ఆ సరస్సులో వేట ఎలా ఉంటుందో నీహారిక ఆమెకి ఎన్నోసార్లు చెప్పింది. చీకటి రాత్రుల్లో పడవ ముందు దీపాలు వెలిగిస్తారు. మన నెత్తళ్ళలాంటి చిన్న వెండి చేపలు ఆ వెలుగుకి గుంపుగా పైకి వస్తాయి, కింద నుంచి వల ఎత్తుతారు. పౌర్ణమికి అటూ ఇటూ మూడు నాలుగు రోజులు సరస్సంతా వెలుగే కాబట్టి దీపాన్ని ఏ చేపా లెక్కచెయ్యదు. ఒక్క పడవా కదలదు. ఆ రోజుల్లో రషీదీ కాగితంలో అంకెల బదులు వరసగా అడ్డగీతలు ఉండేవి. డిసెంబరులో ఉన్నాయి. జనవరిలో, భోగినాడు కూడా ఉన్నాయి.

ఫిబ్రవరి పన్నెండున లేవు. మార్చిలో లేవు. ఏప్రిల్లో లేవు. ఫిబ్రవరి మొదటి వారం దాటాక ఏ ఏడుకీ నడుముకట్టు లేదు.

శేషమ్మ అయినా చివరిదాకా చదివింది. గొంతు తడబడకుండా చదివింది. ఆ విద్య ఆమెకి కొత్త కాదు.

ఆ పూట భోజనాల దగ్గర మాత్రం, ఊరికే అడిగినట్టు అడిగింది. "మనకి పౌర్ణమైతే ఆ దేశంలో కూడా అదే రోజంటావా, బాబూ?"

"చంద్రుడికి వీసా అక్కర్లేదు కదా అత్తయ్యా. ఓ పూట అటూ ఇటూ అంతే," అన్నాడు చక్రధర్.

అంతే. అనుమానం తీరిపోయింది.

ఎవరు రాస్తున్నారో కూడా ఆమెకి తెలిసిపోయింది. ఇంకెవరు రాస్తారు?

నీహారికకి నాలుగేళ్ళప్పుడు తన మొగుడు రాఘవులు ఎక్కిన పడవ తిరిగి రాలేదు. తుఫానుకి ముందురోజు ఐదుగురు వెళ్ళారు. నలుగురి ఇళ్ళలో పదకొండో రోజున దర్భలతో బొమ్మలు చేసి దహనం చేశారు. శేషమ్మ చెయ్యనివ్వలేదు. గాజులు తియ్యనివ్వలేదు. "దూరపు ఏటకెల్లాడు, వత్తాడు," అంది. మొదట ఊరితో అంది. తర్వాత పిల్లతో అంది. పిల్ల నమ్మింది. బళ్ళో జెండా పండగకి ఇచ్చిన పిప్పరమెంటు బిళ్ళల్లో ఒకటి నాన్నకని డబ్బాలో దాచేది. ఆరేళ్ళు దాచింది. పదో ఏట, బడి ఆవరణలో తొక్కుడుబిళ్ళ దగ్గర పోట్లాట వచ్చి ఎవరో పిల్ల అనేసింది, మీ నాన్నని చేపలు తినేశాయి కదే అని. నీహారిక ఇంటికొచ్చి, చీమలు పట్టిన డబ్బా తెచ్చి తల్లి కాళ్ళ ముందు బోర్లించింది. నెల రోజులు మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు అన్న మాట ఒక్కటే: "నన్ను ఆరేళ్ళు గుమ్మంలో కూచోబెట్టావు."

అయితే పిల్లకి తెలియనిది ఒకటుంది. అబద్ధం పిల్ల కోసమే మొదలుపెట్టినా, బతికింది దానిమీద తను. రోజూ ఎవరో ఒకరికి "వత్తాడు" అని చెప్పడమే ఆమెకి అన్నం. ఆ డబ్బా బోర్లించిన రోజునే ఆమె నిజంగా మొగుణ్ణి పోగొట్టుకుంది.

ఇప్పుడు ఎక్కడో నీళ్ళ ఒడ్డున ఇంకో ఆడది, రోజూ పెన్సిల్ పట్టుకుని మొగుణ్ణి వేటకి పంపిస్తోంది. బేసిన్ల నిండా చేపతో వెనక్కి తెచ్చుకుంటోంది. పౌర్ణమి సంగతి ఆమెకి గుర్తులేదు, గుర్తు చేసుకునే స్థితిలోనూ లేదు. ఆ పెన్సిల్ లాక్కోవడానికి నేనెవర్ని అనుకుంది శేషమ్మ. సోమవారం ఊరుకుంది. మంగళవారం ఊరుకుంది. అన్నం సయించలేదు.

బుధవారం నీహారిక ఇంటి నుంచే పనిచేసింది. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, చాలా రోజుల తర్వాత ముఖం విప్పి మాట్లాడింది.

"ముటింబా ఒడ్డు మాత్రం భలే ఉందమ్మా. మిగతా పది చోట్లా క్యాచ్ పడిపోయింది. అక్కడ స్టడీగా ఉంది. ఈసారి వేట నిషేధం ఆ ఒడ్డుకి వద్దని రికమెండ్ చేస్తున్నాం. చుట్టుపక్కల రేవుల వాళ్ళు కూడా నిషేధం ఉన్న మూడు నెలలూ అక్కడికొచ్చి పట్టుకోవచ్చు."

"వస్తే... దగ్గర్లోనే దొరుకుద్దా?"

"లెక్క ప్రకారం దొరకాలి. పోయినేడు రషీదీ వాళ్ళు చాలా దూరం వెళ్ళాల్సొచ్చేది, నడి సరస్సు దాకా. అక్కడ గాలి లేస్తే చిన్న పడవలు ఆగవు. ఇప్పుడా బాధ లేదు."

శేషమ్మ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. లేని చేప కోసం వందల పడవలు ఆ ఒడ్డుకొస్తాయి. దగ్గర్లో దొరకదు. ఇంకాస్త ముందుకి, ఇంకాస్త ముందుకి వెళతారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళు ఉంటారు.

ఆమె లేచి, ఫ్రిజ్ మీది క్యాలెండర్ తీసుకొచ్చి కంచం పక్కన పెట్టింది. మూడు నెలల కాగితాలు తెచ్చి దాని పక్కన పరిచింది. మార్చి పద్నాలుగు మీద ఒక వేలు, కాగితం మీద ఒక వేలు ఉంచింది. తర్వాత ఫిబ్రవరి. తర్వాత ఏప్రిల్.

నీహారిక ఒక్కో తేదీకి ఎదురుగా అంకె చూసుకుంది. మూడు నెలల లెక్కని తల్లి రెండు వేళ్ళతో పడగొట్టింది.

"ఎప్పుడు చూశావ్?"

"ఆదివారం."

"ఆదివారం! నాలుగు రోజులు! రిపోర్టు ఆల్‌మోస్ట్ పంపేశాను తెలుసా? మళ్ళీ దాచావా అమ్మా? మళ్ళీ?"

"మీ నాన్నప్పుడు ఆరేళ్ళు. ఇప్పుడు నాలుగు రోజులు. బాగుపడ్డాననుకో," అంది శేషమ్మ. నవ్వించడానికి అనలేదు. నీహారిక నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. అప్పటికి అక్కడ మధ్యాహ్నం. నీహారిక దగ్గర చదువుకునే నీమా అనే అమ్మాయిది ఆ సరస్సు ఒడ్డే. ఆ అమ్మాయిని కూడా లైన్లో కలిపి, స్పీకర్ పెట్టారు. రషీదీ నంబర్ రెండో రింగుకే ఎత్తారు. ఆడగొంతు. పేరు జైనబు, రషీదీ భార్య. నీమా అడిగింది. అవతల చిన్న జవాబు వచ్చింది, చాలా మామూలుగా.

"ఆయన సరస్సు మీదికి వెళ్ళాడట. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళాడట. వచ్చాక చేయిస్తానంటోంది," అని ఇంగ్లీషులో చెప్పింది నీమా.

నీహారిక తల్లి వైపు చూసింది. శేషమ్మ నేల చూసింది. ఆ భాష ఒక్క ముక్క రాకపోయినా, ఆ వాక్యం ఆమెకి నోటికొచ్చు.

"పౌర్ణమి రోజుల్లో అంత చేప ఎలా పడిందో అడుగు," అంది నీహారిక మెల్లగా.

నీమా అడిగింది. అవతల కోడి అరిచింది. ఎవరో బకెట్ పెట్టిన చప్పుడు. తర్వాత జైనబు ఏదో అంది.

"ఆ రాత్రులు మబ్బు పట్టిందంటోంది."

ఫోన్ పెట్టేశాక నీమా రేవు పెద్దకి చేసింది. ఆయన దాచలేదు. ఫిబ్రవరి ఐదున గాలికి నడి సరస్సులో మూడు పడవలు పోయాయి. రెండు శవాలు ఒడ్డుకొచ్చాయి. రషీదీ రాలేదు. రేవంతటికీ తెలుసు. మరి ఎందుకు చెప్పలేదంటే ఆయన అన్నాడట: "ఆ పెన్సిల్ ఒక్కటే ఉంది దాని చేతిలో. ఎవరు తీసుకుంటారు?"

ముటింబా లెక్క తీసేశారు. మే సగం నుంచి సరస్సు చుట్టూ ఒడ్డు మొత్తానికి వేట నిషేధం అని రిపోర్టు వెళ్ళింది. కమిటీ ఒప్పుకుంది. నీహారిక చెయ్యవలసిందంతా పద్ధతిగా చేసింది. ఇక కాగితాలు అక్కర్లేదని, ఆఖరి నెల జీతం పంపుతున్నామని, విషయం తెలిసి బాధపడ్డామని నీమా చేత రాయించింది. పంపిన మెసేజ్ కింద చదివినట్టు రెండు నీలి గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.

తల్లీకూతుళ్ళు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆదివారాలు అంకెలు చదవడం మాత్రం సాగింది. పది రేవుల పాత కాగితాలు ఇంకా మిగిలాయి. ముద్ద ముద్దకీ నీళ్ళు తాగి మింగినట్టు సాగింది.

జూన్ మూడో ఆదివారం. నిషేధం మొదలై నెల దాటింది. నాలుగు దేశాల పడవలూ ఒడ్డునే ఉన్నాయి. ఫోన్ టింగుమంది. నీహారిక చూసి, లేచి వెళ్ళి, ప్రింట్ తీసి తెచ్చి తల్లికిచ్చింది.

ముటింబా రేవు. రాసినవాడు: రషీదీ.

"నంబర్ బ్లాక్ చేయమంటాడు చక్రి. చెయ్యనా?"

"నేను సచ్చాక సెయ్యి," అంది శేషమ్మ. కళ్ళద్దాలు సర్దుకుంది. ఏం చెయ్యాలో తోచక, అలవాటు ప్రకారం చదవడం మొదలుపెట్టింది. "జూన్ ఎనిమిది. పడవలు పదమూడు. బేసిన్లు నలభై. జూన్ తొమ్మిది. పడవలు పద్నాలుగు. బేసిన్లు నలభై ఒకటి."

నీహారిక కంప్యూటర్ ముందు కూర్చుంది. వేళ్ళు మీటల మీద ఉన్నాయి. ఒక్కటీ నొక్కడం లేదు.

"జూన్ పది," అని శేషమ్మ ఆగింది. "గీత."

"పదకొండు?"

"గీత. పన్నెండు గీత."

పదకొండున పౌర్ణమి. క్యాలెండర్ చూడక్కర్లేకుండానే ఇద్దరికీ తెలుసు. జైనబు తప్పు దిద్దుకుంది. నిషేధం సంగతి పక్కన పెడితే, ఇక ఆ కాగితంలో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఏ యూనివర్సిటీ పట్టుకోలేదు. నీళ్ళ కింద ఉన్న మనిషి నెలకి మూడు రోజులు పడవ ఎక్కకుండా ఇంటిపట్టున ఉంటున్నాడు.

బయట పక్కింటివాళ్ళ గడ్డి మిషన్ ఆగింది. నీహారిక తెర వైపు తిరిగే అడిగింది.

"అమ్మా. పౌర్ణమికి నాన్న ఇంట్లో ఉండేవాడా?"

ముప్ఫై ఏళ్ళలో ఆ పిల్ల తండ్రి గురించి అడిగిన మొదటి మాట అది.

"ఉండేవోడు. ఎన్నెల్లో సేప వలని సూసేత్తాది కదా, ఎల్లేవోడు కాదు. అరుగు మీద కూచుని వల అల్లుకునేవోడు. నువ్వెల్లి ఆ వల్లో సుట్టుకునేదానివి. తియ్యలేక తిట్టేవోడు."

"నాకేం గుర్తులేదు."

"నాలుగేళ్ళదానివి. ఏం గురుతుంటాది."

నీహారిక తల ఊపింది. చేతి వెనకతో ముక్కు తుడుచుకుంది. వేళ్ళు మళ్ళీ మీటల మీద పెట్టింది.

"చదువు," అంది.

శేషమ్మ కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "జూన్ పదమూడు. పడవలు పదిహేను. బేసిన్లు ముప్ఫై ఏడు," అని చదివి, ఆ ఏడు దగ్గర వేలు ఆపింది. నడుమ చిన్న అడ్డగీత ఉంది. అలవాటు లేని చెయ్యి, నొక్కి నొక్కి గీసింది.