ఐదో తూకం

కాటాల రిపేరు కొట్టు ఉదయం తొమ్మిదికి తెరుస్తారు. తెరవగానే కాటా అమ్మాయి తూకపు రాళ్ళన్నిటినీ పొడిగుడ్డతో తుడిచి, చిన్నదాని నుంచి పెద్దదాకా బల్ల మీద వరసగా పెడుతుంది. చేతి చెమట అంటితే రాయి అబద్ధం చెబుతుందని అమ్మకి తండ్రి అయిన తాత నేర్పాడు. తాత పోయాక కొట్టు ఆమెదే అయింది. ఆమెకి ఒక పేరుందన్న సంగతి వీధిలో అందరూ ఎప్పుడో మర్చిపోయారు. ముప్పై ఏళ్ళు దాటి, ఏడో నెల కడుపుతో, కుర్చీలోంచి లేవాలంటే బల్ల అంచు పట్టుకోవాల్సి వస్తున్నా వాళ్ళకి ఇంకా కాటా అమ్మాయే.

పదింటికి మాత్రం పని ఆగుతుంది. కొట్టులో కిటికీ కింద పసిపిల్లల్ని తూచే పాత కాటా ఒకటి ఉంది. తెల్ల పూత వేసిన రేకు పళ్ళెం, దాని కింద గుండ్రటి అద్దం, అద్దం వెనక ఎర్ర ముల్లు. ఏదో ఆసుపత్రి వాళ్ళు రిపేరుకిచ్చి మళ్ళీ ఇటు తొంగిచూడలేదని తాత చెప్పేవాడు. రోజూ సరిగ్గా పదింటికి ఆ ఖాళీ పళ్ళెం మెల్లగా కిందికి దిగుతుంది, ముల్లు లేస్తుంది. మూడు కిలోల ఇరవై గ్రాములు. కాసేపాగి సున్నాకి వస్తుంది. మళ్ళీ లేస్తుంది. రెండు కిలోల ఎనిమిది వందల యాభై. తర్వాత మూడు కిలోల నూట పది. ఆఖర్న రెండు కిలోల తొమ్మిది వందలు. ఆ నాలుగూ అయ్యేదాకా కొట్టులో ఎవరూ ఏమీ తూచరు. రిపేరుకి వచ్చినవాళ్ళు కూడా గడియారం వంక చూసి, "ఓ, దాని వేళ అయిందా, కూర్చుంటాలే" అని స్టూలు లాక్కుంటారు.

కాటా అమ్మాయి అంకెలు నేర్చుకున్నది ఆ నాలుగు తూకాలతోనే. పదేళ్ళప్పుడు ఒకసారి స్క్రూడ్రైవర్ పట్టుకుని దాన్ని బాగుచేద్దామని కూర్చుంటే, తాత వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

"అది చెడిపోలేదే. ఖాళీగా లేదు, అంతే" అన్నాడు.

ఆ మాటతో ఆమెకి సందేహం తీరిపోయింది. ఆ ఇంట్లో దాని గురించి ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. అమ్మ మాత్రం పది కొట్టే ముందు కొట్టు వెనకే ఉన్న వంటింట్లోకి వెళ్ళి కొళాయి బార్లా తిప్పుతుంది. బకెట్ నిండి పొర్లిపోతున్నా కట్టదు. అత్తగారికి పదింటికి నీళ్ళ పిచ్చి పడుతుందని అల్లుడు వేళాకోళం చేస్తుంటాడు. ఆ అల్లుడు రొట్టెల బండి నడుపుతాడు. తెల్లారకముందే పోయి, తొమ్మిదిన్నరకి తిరిగొచ్చి, ఒళ్ళంతా పిండి వాసనతో కొట్టులోనే ఒక కునుకు తీస్తాడు.

భయం ఒక మంగళవారం నాడు మొదలైంది. నాలుగో తూకం అయ్యాక ముల్లు సున్నా మీద నిలవలేదు. సున్నాకి వెంట్రుకవాసి పైన ఆగి వణికింది. ఎవరో పళ్ళెంలో ఏదో పెట్టబోయి, పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు వణికింది. కాటా అమ్మాయి ఫ్యాను కట్టేసింది. బల్ల కాళ్ళ కింద అట్టముక్కలు సర్ది మట్టం చూసింది.

"లారీ వెళ్ళుంటుందిలే" అన్నాడు భర్త.

"ఏ లారీ? మన సందులో సైకిలే సరిగా పట్టదు."

మర్నాడూ వణికింది. ఆ మర్నాడూ. వణికినప్పుడల్లా ఆమె చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయేది. కడుపులో బిడ్డ కదిలినా భయమే, కదలకపోయినా భయమే. భర్తకి చెబితే నవ్వేస్తాడు. అమ్మకి చెబుదామంటే ఆ టైముకి అమ్మ కొళాయి దగ్గర ఉంటుంది.

ఆ వారమే ఆసుపత్రిలో నర్సు ఒక కాయితం ముందేసుకుని గబగబా ప్రశ్నలు అడిగింది. ఇంట్లో ఎవరికైనా షుగరుందా, బీపీ ఉందా, తాత దేనితో పోయారు, ఏ ఏడు ఆసుపత్రిలో పడ్డారు.

"మీ కుటుంబంలో పుట్టిన నెలలోపు పోయిన పిల్లలెవరైనా ఉన్నారా?"

"లేరు" అంది పక్కనే కూర్చున్న అమ్మ. నర్సు ప్రశ్న ఇంకా పూర్తి కానేలేదు.

తిరిగొచ్చే దారంతా ఆ 'లేరు' కాటా అమ్మాయి చెవిలో గుచ్చుతూనే ఉంది. షుగరు గురించి అడిగితే అరగంట ఆలోచించిన మనిషి దీనికి అరక్షణం ఆలోచించలేదు. తాత ఏ ఏడు ఆసుపత్రిలో పడ్డాడో చూసి చెప్పమంది కదా నర్సు, అది వంక పెట్టుకుని మర్నాడు పొద్దున్నే ఆయన పుస్తకాల బీరువా తెరిచింది.

తాతకి ఒక అలవాటుండేది. ఏ కాటా బాగుచేసినా దానికో పేజీ కేటాయించి, ఏ తేదీన ఏ రాయి పెట్టాడు, ముల్లు ఎంత చూపించింది, ఏం సరిచేశాడు అన్నీ రాసేవాడు. అలాంటి పుస్తకాలు ముప్పై ఒకటి. నాలుగో పుస్తకంలో ఒక పేజీ మీద కాటా ఎవరిదో రాసి లేదు. 'పసిపిల్లల కాటా' అని మాత్రం ఉంది.

'మొదటి రోజు 3.240. రెండో రోజు 3.190. బాగా నిద్రపోతున్నాడు. మూడో రోజు 3.090. కాటా తక్కువ చూపిస్తోంది. కిలో రాయి పెట్టాను, సరిగ్గా కిలో. మళ్ళీ పెట్టాను, సరిగ్గా కిలో. నాలుగో రోజు 3.020. స్ప్రింగు మార్చాను.'

ఆ కింద ఏమీ లేదు.

మూడు కిలోల ఇరవై. అంకెలు నేర్చుకున్న నాటి మొదటి అంకె. ఆమె అరచేతులు చెమటపట్టి పేజీకి అంటుకుపోయాయి. రెండేళ్ళ తర్వాత తేదీతో ఇంకో నాలుగు వరసలు. ఆఖరిది 2.850. ఈసారి కూడా రాయి పెట్టి చూశాడు తాత, ఈసారి కూడా సరిగ్గా కిలో. మూడోసారి మాత్రం ఇలా రాశాడు: 'పాలు మానేశాడు. నిద్ర. 3.110. రాయి పెట్టలేదు.'

పేజీ తిప్పితే నాలుగో బిడ్డ. కానీ అక్కడ చేతిరాత తాతది కాదు. సరుకుల చీటీల మీద, గోడ క్యాలెండర్ మీద రోజూ చూసే రాత అది. 2.900 దగ్గర పెన్ను కాయితాన్ని చింపి అవతలికి దిగింది. ఆ తేదీ తను పుట్టడానికి రెండేళ్ళ ముందుది.

అప్పుడే పది కొట్టింది. వంటింట్లో నీళ్ళ చప్పుడు మొదలైంది. ఆమె ముల్లు లేవడం చూస్తూ నిలబడిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రోజూ చూస్తున్నదే. ఇవాళ మాత్రం లెక్కపెట్టింది. ఒకడు. ఇద్దరు. ముగ్గురు. నలుగురు. ఆ తర్వాత ముల్లు సున్నా మీద వణకడం మొదలెట్టింది. అది దేనికోసం వణుకుతోందో ఇప్పుడు తెలిసి, ఆమె బల్ల పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

కాసేపటికి వంటింట్లోకి వెళ్ళి కొళాయి కట్టేసింది. పుస్తకం తెరిచి అమ్మ ముందు పెట్టింది. అమ్మ దాని వంక చూడలేదు.

"ఇది నీ రాతే కదమ్మా?"

"నర్సుకి చూపించావా?"

"ఇంకా లేదు."

"చూపించకు. పేరు కూడా పెట్టలేదు తల్లీ వాడికి. పేరు పెట్టని వాళ్ళని ఎవరని చెబుతాం? మా అమ్మకి ముగ్గురు, నాకు ఒకడు. ముట్టుకుంటే ఎర్రగా కందిపోయేలా ఉండేవాడు. ఏడవనైనా ఏడవలేదు. చూసినవాళ్ళంతా ఎంత బుద్ధిమంతుడో అన్నారు. నేను కూడా మురిసిపోయాను. నిద్ర లేపలేదు." అమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుంటూనే ఉంది, అవి ఎప్పుడో ఆరిపోయినా. "మీ తాత మొదటివాడప్పుడు కాటానే చెడిపోయిందనుకున్నాడు. బిడ్డ కళ్ళు తెరవట్లేదంటే స్ప్రింగు విప్పుతూ కూర్చున్నాడు. ఆయనకి తెలిసిన పని అదొక్కటే మరి. ఆ తర్వాత ఆ కాటాని ఎవరికీ ఇవ్వనివ్వలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"కడుపుతో ఉన్నదానికి ఎలా చెప్పను? అంతకుముందు ఎందుకు చెప్పను? ఆడపిల్ల పుడితే ఏ గొడవా ఉండదు. నువ్వు లేవూ? నేను లేనూ?"

ఆడపిల్లే పుడుతుందని అమ్మ ఐదు నెలలుగా కనబడ్డవాళ్ళందరికీ చెబుతోంది. గులాబి రంగు గౌనులు తొమ్మిది కుట్టి పెట్టింది. అందరూ దాన్ని ముచ్చటనుకున్నారు.

మర్నాడు ఇద్దరూ పుస్తకం తీసుకుని ఆసుపత్రికి వెళ్ళారు. పెద్ద డాక్టరు చూసీ చూడనట్టు చూసి, ఆ రోజుల్లో పసిపిల్లలు పోవడం మామూలేనమ్మా అని పక్కన పెట్టేశాడు. కాటా అమ్మాయి మాత్రం పుస్తకం తీసుకోలేదు, కుర్చీలోంచి లేవలేదు. "మా కొట్టుకొచ్చిన నాలుగు కాటాలు ఒకేలా తప్పు చూపిస్తే దాన్ని మామూలు అనమండీ" అంది. ఆయన విసుక్కుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆవిడ చిన్న వయసు మనిషే. ప్రతి వరసా వేలు పెట్టి చదివింది. 'స్ప్రింగు మార్చాను' దగ్గర వేలు ఆగింది.

"నలుగురూ మగపిల్లలేనా?"

"అవును" అంది అమ్మ. ఆ మాట పైకి అనడం ముప్పై రెండేళ్ళలో అదే మొదటిసారి.

డాక్టరమ్మ అర్థమయ్యేలా చెప్పింది. కొందరు మగపిల్లల ఒంట్లో పాలు సరిగా అరగక, దాంట్లోంచి పుట్టిన విషం రక్తంలో చేరుతుంది. బిడ్డ ఏడవదు, నిద్రపోతుంది, అంతే. అది తల్లి వైపు నుంచే వస్తుంది, తల్లికి మాత్రం ఏమీ కాదు. అది ఉన్న తల్లికి మగపిల్లాడు పుడితే సగానికి సగం అవకాశం.

"ముందే తెలిస్తే చేయడానికి చాలా ఉంది. ఈ కాయితం లేకపోతే నేను కూడా బాగా నిద్రపోతున్నాడనుకుని ఇంటికి పంపేసేదాన్ని" అంది.

నెలలు నిండాక మగపిల్లాడే పుట్టాడు. ఆ మాట వినగానే అమ్మ ఆసుపత్రి వరండాలో నేల మీద చతికిలబడింది. రెండు గంటలు తిరక్కుండానే రక్తం తీసి చూశారు. ఉంది. పాలు ఆపేశారు, సూది గుచ్చి సన్నటి గొట్టంలోంచి మందు ఎక్కించారు. ఆకలికి వాడు చెవులు చిల్లులు పడేలా ఏడ్చాడు. పక్క మంచాల వాళ్ళు విసుక్కున్నారు. ఈ ముగ్గురికీ మాత్రం ఆ ఏడుపు కాస్త ఆగితేనే ప్రాణం పోయినంత పనయ్యేది.

మూడో రోజు సాయంత్రం ఏడుపు ఆగింది. పాదం మీద గిల్లినా కళ్ళు తెరవలేదు. డాక్టరమ్మ వాడి రక్తాన్ని ఒక యంత్రంలోంచి తిప్పడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు సరిగ్గా పదింటికి కాటా అమ్మాయి భర్తకి ఫోన్ చేసింది. అతను కొట్టులో ఉన్నాడు. ఉండమంది ఆమే.

"మొదలైంది" అన్నాడు. "మూడు ఇరవై... రెండు ఎనిమిది వందల యాభై..." అతని గొంతులో వేళాకోళం ఎప్పుడో పోయింది. "నాలుగూ అయ్యాయి."

"ఐదోది?"

"వణుకుతోంది."

"లేస్తోందా?"

"వణుకుతోంది. ఉండు." స్టూలు దగ్గరికి లాక్కున్న చప్పుడు వినిపించింది. "కొంచెం లేచింది. పది గ్రాములు. ఇరవై."

ఆమె అద్దం అవతల గొట్టాల మధ్య పడుకున్న బిడ్డని చూసింది. జీవితంలో ఇంతకన్నా భయపడలేదు. ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదిమింది.

"దిగుతోంది" అన్నాడతను. "దిగింది. సున్నా మీద ఆగింది. వినపడుతోందా? వణకడం లేదు. సున్నా."

అద్దం అవతల నర్సు వంగి ఏదో చూసి, వెనక్కి తిరిగి డాక్టరమ్మని పిలిచింది. బిడ్డ నోరు తెరిచి ఉంది. అద్దంలోంచి చప్పుడు రాలేదు గానీ, వాడు ఏడుస్తున్నాడని అందరికీ తెలిసింది.

ఇరవై ఆరో రోజున ఇంటికి తెచ్చారు. వాడికి పట్టే పాలపొడి ఇక ఏళ్ళ తరబడి గ్రాము తేడా రాకుండా తూచి కలపాలి. డాక్టరమ్మ అది భయపడుతూ చెప్పింది, ఎంతమంది తల్లులు చేయగలరో అని. కాటా అమ్మాయికి నవ్వొచ్చింది. అన్ని నెలల్లో అదే మొదటి నవ్వు. భయం పూర్తిగా పోలేదు, పోదు కూడా. వాడు గంటసేపు నిద్రపోతే వెళ్ళి అరికాలు గోకి లేపుతూనే ఉంది.

మర్నాడు పదింటికి కొళాయి చప్పుడు వినబడలేదు. అమ్మ కొట్టులోకి వచ్చి కాటా ముందు నిలబడింది. నాలుగు తూకాలూ కళ్ళార్పకుండా చూసింది. ముల్లు సున్నాకి వచ్చాక, కాటా అమ్మాయి బిడ్డని పళ్ళెంలో పడుకోబెట్టింది. గులాబి గౌనులో వాడు కాళ్ళు తన్నుకుంటుంటే ముల్లు అటూ ఇటూ ఊగి మూడు కిలోల రెండు వందల అరవై దగ్గర కుదురుకుంది. 'ఇరవై ఏడో రోజు 3.260' అని రాసింది. ఆ పుస్తకంలో నాలుగో రోజు దాటిన బిడ్డ అప్పటిదాకా లేడు.

ఆ తర్వాతి రోజు మొదటి తూకంలో ముల్లు మూడు కిలోల ఇరవై దగ్గర ఆగలేదు. ఇంకాస్త పైకి పోయి నలభై మీద నిలబడింది. కాటా అమ్మాయి అద్దం తుడిచి చూసింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. కిలో రాయి అందుకోబోయి, తాత గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

నాలుగోది లేచి ఆగింది. అమ్మ కళ్ళజోడు తెచ్చుకోలేదు.

"నావాడు ఎంతున్నాడే?" అంది.

"రెండు తొమ్మిది వందల ఇరవై."

"ఇరవై పెరిగాడు" అంది అమ్మ. పుస్తకం దగ్గరికి లాక్కుని, పాత పేజీకి తిప్పి, చిరిగిన అంకె కింద కూతురి చేత తేదీ చెప్పించుకుని 2.920 అని రాసింది.