జమలయ్య తవ్విన గుంట

బాపట్లలో మురళీమోహన్ పొద్దున్నే లేచి చేసే మొదటి పని హాల్లో గుంట పూడ్చడం. నాలుగు తట్టల ఇసక పోసి, పక్కకి జరిగిన టైల్సు సర్ది, అప్పుడు కాఫీ తాగేవాడు. రెండేళ్ళ కిందట వాళ్ళ నాన్న జమలయ్య నేసే మగ్గాన్ని మురళే విప్పించేసి, దాని గుంట పూడ్పించి, సోఫా, టీవీ పెట్టించాడు. తెల్లారేసరికి గుంట మళ్ళీ తెరుచుకునేది. తాపీమేస్త్రీ పాండురంగారావు వచ్చి చూశాడు. కాంక్రీటు పోసినా ఇంతేనండి, అలవాటు పడ్డ చోటు అని చెప్పి వెళ్ళిపోయాడు.

జమలయ్య ఆనాటి నుంచి కొడుకుతో మాట్లాడలేదు. ఒక్క మాటంటే ఒక్క మాట.

మగ్గం ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేవాడితో ఎవరూ నిలబడి మాట్లాడకూడదు. ఎంతటివాడైనా సరే, పక్కన కూర్చుని మొహం చూసి చెప్పాలి. హాలు వచ్చాక ఆ పద్ధతి పోయింది. మురళి సోఫాలో టీవీ వైపు తిరిగి ఉండేవాడు, లేదంటే లేచి నిలబడి, కింద కూర్చుని కూర తరిగే పెళ్ళాం దేవిక నెత్తిన అరిచేవాడు.

ఆ మంగళవారం దేవిక బ్యాగు సర్దుకుంది. పది గంటల బస్సుకి రేపల్లెలో పుట్టింటికి పోతానని, ఇంక రానని చెప్పింది.

మురళి అడ్డంగా నిలబడ్డాడు. "నీకేం తక్కువ చేశానే?"

"ఈ రెండేళ్ళలో నా మొహం ఎప్పుడు చూశారో చెప్పండి."

మురళి కాళ్ళ కింద టైల్సు తప్పుకున్నాయి. మోకాళ్ళదాకా దిగిపోయి, గుంట అంచున కూలబడ్డాడు. తలెత్తితే దేవిక మొహం కనపడింది. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళ కింద నలుపు. ఒకే ఇంట్లో ఉండి, ఇది ఎప్పుడు జరిగింది?

"కూర్చోవే," అన్నాడు మెల్లగా.

"ఎక్కడ?"

అతని పక్కన ఇంకో రెండు టైల్సు తప్పుకున్నాయి. దేవిక బ్యాగు కింద పెట్టి, గుంటలో కాళ్ళు వేసి కూర్చుంది. బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

అరుపులు వినపడకపోయేసరికి వాకిట్లోంచి జమలయ్య లోపలికొచ్చాడు. వంగి గుంటని జానలతో కొలిచాడు. నమ్మలేక మళ్ళీ కొలిచాడు. లేచి నిలబడ్డాడు.

"నేను తవ్వింది ఒక్కడికేరా," అన్నాడు.

రెండేళ్ళకి విన్న ఆ గొంతుకి మురళి తలెత్తాడు. దేవిక అంది.

"నిలబడి మాట్లాడకూడదు కదండి, మామయ్యగారూ."

జమలయ్య పంచె ఎగ్గట్టుకుని, కొడుకు పక్కన కూర్చున్నాడు.