అడ్డాకుల మాటు

ఆకుల గోడకు వీపు ఆనించి చిన్నాలమ్మ కూర్చుని ఉంది, పక్కన మావ కూర్చుని ఉన్నాడు, ఇద్దరి మోకాళ్ళూ ఒకదానికొకటి తగులుతున్నాయి. మాటు లోపల ఒక్క మనిషికే చోటు. అయినా తల తిప్పి చూస్తే వెనక గోడ ఎక్కడో దూరంగా ఉంది, అక్కడ వాళ్ళ ఇంటి ఉట్టి వేలాడుతోంది, ఉట్టి కింద పొయ్యి వెలుగుతోంది, పొయ్యిలోని పొగ బయటికి పోకుండా ఆకుల మధ్య మడుగులో నీళ్ళలా కదలక నిలిచి ఉంది. ఇదేదీ ఆమెకు వింతగా లేదు. మావ చనిపోయాడన్న సంగతి గుర్తుంది, అతను తన పక్కన కూర్చున్నాడన్నదీ కళ్ళకు కనిపిస్తోంది, ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం రావడం లేదు.

మావ అంటే ఆమె మొగుడే. కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఆ ఒక్క మాటతోనే పిలిచింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం ఆ కొండ మీది ఊళ్ళో ఏ ఆడదానికీ అలవాటు లేదు.

"కోడి ఇంటికొచ్చిందా?" అని అడుగుతున్నాడు మావ, ఆకుల సందులోంచి కళ్ళు తిప్పకుండా.

"ఒచ్చింది."

"కోసుకున్నారా?"

"లేదు. మీ అమ్మ కొయ్యనివ్వలేదు. దాన్ని మంచం కోడుకి కట్టేసుకుని పడుకుంటంది."

అతను తల ఊపుతున్నాడు, ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చున్నట్టు. ఆ కోడి అతని దీమపు పుంజు. బతికున్నప్పుడు దాన్ని అడవిలోకి తీసుకుపోయి, కాలికి తాడు కట్టి, చుట్టూ ఉచ్చులు పాతేవాడు. దాని కూత వినగానే అడవిపుంజు పోట్లాటకు దిగి వచ్చి ఉచ్చులో కాలు పెట్టేది. అడవికోడి కన్ను మహా చురుకు, మనిషి రెప్ప వేసినా లేచిపోతుంది. అందుకని వెదురు బద్దలు గుండ్రంగా పాతి, అడ్డాకులూ తీగలూ అల్లి, మాటు కట్టుకుని అందులో కూర్చునేవాడు. కట్టడం అయ్యాక చిన్నాలమ్మను బయట నిలబెట్టి, కనబడుతున్నానా అని లోపల్నుంచి అడిగేవాడు. ఆమె చుట్టూ తిరిగి, ఇక్కడ మోచెయ్యి తెలుస్తోంది, అక్కడ వెలుతురు పారుతోంది అని చెబితే ఆ సందుల్లో ఆకులు దోపేవాడు. ఏళ్ళ తరబడి ఆమె అలా చెప్పగా చెప్పగా అతని మాటు పొదకూ దానికీ తేడా తెలియనంతగా తయారైంది.

ఒకనాడు ఒంటరిగా వెళ్ళాడు. సాయంత్రానికి పుంజు ఒక్కటే, తెగిన తాడు ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. ఊరు ఊరంతా అడవిలో పడి వెతికింది. చిన్నాలమ్మ గొంతు పోయేదాకా పిలిచింది. మనిషి దొరకలేదు. ఆఖరికి వెదురు కొట్టడానికి వెళ్ళినవాడొకడు అడ్డమొచ్చిన పొదను నరకబోతే, లోపల అతను కూర్చునే ఉన్నాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని. గుండె ఆగిపోయిందన్నారు. ఎప్పుడు ఆగిందని ఆమె కనబడిన వాళ్ళందరినీ అడిగింది. ఆస్పత్రిలో చెప్పలేమన్నారు, ఊళ్ళోవాళ్ళు పోయినోడి గురించి అలా తవ్వకూడదన్నారు, అత్త అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు మావ పక్కనే ఉన్నాడు. అడగవలసిన మాట నాలుక మీదే ఉంది, కానీ అతను చూరు గురించి మాట్లాడుతున్నాడు, పడమటి వైపు వాసం పుచ్చిపోయింది, మార్చుదామనుకున్నాను, మార్చలేకపోయాను అంటున్నాడు. తన తమ్ముడు వచ్చి మార్చాడని ఆమె చెబుతోంది. ఏ కర్ర వేశాడని అతను అడిగితే, ఆమెకు గుర్తు రావడం లేదు, గుర్తు చేసుకుంటూ సందులోంచి బయటికి చూస్తే అక్కడ సంత జరుగుతోంది, జనం ఉప్పు కొంటున్నారు, మళ్ళీ చూస్తే సంత లేదు, వాగు పారుతోంది, వాగు ఒడ్డున తమ పిల్లదాని గౌను ఆరేసి ఉంది, ఆ గౌను ఎండేలోపు అడగకపోతే ఇక అడగలేనని ఆమెకు ఎందుకో గట్టిగా అనిపిస్తోంది.

"మావా, నేను పిలిచినప్పుడు నీకినబడిందా?"

అతను గడ్డం ఎత్తి సందు చూపిస్తున్నాడు.

వాగు ఉన్న చోట ఇప్పుడు వాలు కనబడుతోంది, మీద వెదురు డొంక, ఆ డొంక పక్కగా ఒక ఆడమనిషి దిగి వస్తోంది. చీర కుచ్చెళ్ళు మోకాలి దాకా తడిసి బరువుగా వేలాడుతున్నాయి, జుట్టు ముడి ఊడిపోయింది, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని మావా, మావా అని అరుస్తోంది. పాపం ఎవరి మనిషి పోయాడో అనుకుంటోంది చిన్నాలమ్మ. అలా అనుకుంటూ ఉండగానే ఆ మనిషి ముఖం ఇటు తిరుగుతోంది, అది తన ముఖమే.

అరవబోయింది. నోరు తెరుచుకుంది గానీ లోపల గాలే లేదు. బయటి మనిషి నేరుగా మాటు వైపే వస్తోంది, ఆయాసం తీర్చుకోవడానికి ఒక చెయ్యి చాచి పొద మీద ఆనిస్తోంది, ఆకులు గలగలమంటూ లోపలికి వంగుతున్నాయి, వాటి మధ్య నుంచి నాలుగు వేళ్ళు మాటులోకి వచ్చాయి. పగిలిన గోళ్ళు, మట్టి, వేలికి ఇత్తడి ఉంగరం. ఆ వేళ్ళు మావ చెంపకు జానెడు దూరంలో ఆగి ఉన్నాయి.

మావను వెతికిన రోజు ఎక్కడో ఒక పొదను పట్టుకుని నిలబడి ఊపిరి పీల్చుకున్నట్టు ఆమెకు తెలుసు. అది ఏ పొదో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

"అది నా చెయ్యే," అంటోంది, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియడం లేదు.

"నీ చెయ్యే."

"అప్పటికి నువ్వు బతికే ఉన్నావా?"

"నాకూ తెలీదే," అంటున్నాడు మావ నెమ్మదిగా. "ఎండొచ్చింది, పోయింది. నీ గొంతు ఇనిపించింది. మావా మావా అంటంటే, అడివిలో ఎవరి మావ కోసం ఎవరు తిరుగుతున్నారో అనుకున్నాను. నా పేరెట్టి పిలిస్తే పలుకుదామని సూశాను."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. అన్నం ఉడికిందా అని అడిగినంత మామూలుగా చెప్పాడు, అందుకే ఆ మాట ఆమెకు తగలవలసిన చోట కాకుండా ఇంకా లోతుగా ఎక్కడో తగిలింది. ఇన్నాళ్ళూ ఆమె ఎన్నో జవాబులు ఊహించుకుంది. వినబడలేదంటాడనుకుంది, నొప్పితో నోరు రాలేదంటాడనుకుంది, నువ్వు పిలవకముందే పోయానంటాడనుకుంది. ఇది ఆమె ఊహకు అందని జవాబు.

బయట వేళ్ళు కదులుతున్నాయి. ఆయాసం తీరిన మనిషి చెయ్యి వెనక్కి తీసుకుంటోంది, ఒక వేలు పోయింది, ఇంకో వేలు పోయింది, ఆకులు మళ్ళీ దగ్గరికి వస్తున్నాయి, సందు మూసుకుంటోంది, ఎంత బాగా మూసుకుంటోందో, ఎక్కడా వెలుతురు పారడం లేదు. ఆ చెయ్యి వెళ్ళిపోతే ఇక ఎవరూ రారని చిన్నాలమ్మకు తెలుసు. లేచి ఆ వేళ్ళను అందుకోబోతే మాటు పొడుగు సాగుతోంది, ఉట్టీ పొయ్యీ దాటి గోడ దూరం జరుగుతోంది, మావ ఒక్కడే ఉన్న చోట ఉండి, పెదవుల మీద వేలు పెట్టుకుని, మాటులో మాట్లాడకూడదన్నట్టు చూస్తున్నాడు. కోడి లేచిపోతుందని తమ పిల్లల్ని ఊరుకోబెట్టే చూపు అది. ఆ చూపు చూస్తూనే, ఊపిరంతా కూడగట్టుకుని, పుట్టిన దగ్గర నుంచీ తన నోట ఒక్కసారీ రాని మాటను ఆమె అరిచేసింది.

"బొజ్జిరెడ్డీ!"

మావ తల తిప్పాడు. "ఓయ్," అన్నాడు.

ఆ పలుకు చెవిలో ఉండగానే ఎండ కళ్ళలో పడింది. వసారా. మధ్యాహ్నపు వేడి. విస్తళ్ళు కుడుతూ కుడుతూ ఒరిగిపోయినట్టుంది, ఈనెపుల్లలు ఒళ్ళో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఎక్కడున్నదీ తెలియడానికి కొంచెం సేపు పట్టింది. తెలిశాక ఆమెకు మొదట కలిగింది భయం, ఎందుకంటే గుమ్మంలో అత్త గంగులమ్మ నిలబడి ఉంది, గోడ పట్టుకుని, ఈమె వైపే చూస్తూ. ఆ ఇంట్లో అతను పోయిన దగ్గర నుంచీ అతని పేరు ఎవరూ అనలేదు. ముసలామె కూడా పిల్లాడు, మా వాడు అనేదే తప్ప పేరెత్తేది కాదు.

తప్పైపోయింది అత్తా, నిద్దట్లో వచ్చేసింది అని చెప్పబోయింది చిన్నాలమ్మ. ముసలామె చెయ్యి అడ్డం ఊపి ఆ మాట పక్కకు పెట్టేసింది. వచ్చి ఎదురుగా కూలబడింది.

"మళ్ళీ ఒకపాలి అను," అంది.

వస్తుందో రాదో అనుకుంది గానీ వచ్చింది. ఈసారి అరుపు కాదు, మామూలు గొంతుతో, ఇంట్లో మనిషిని పిలిచినట్టు పిలిచింది. గంగులమ్మ కళ్ళు మూసుకుని విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు చూసుకుంది చిన్నాలమ్మ. కుట్టవలసిన అడ్డాకుల కుప్పలోకి తన కుడిచెయ్యి మణికట్టు దాకా దూరిపోయి ఉంది. లోపల ఆకులు చల్లగా ఉన్నాయి. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఆమెకు మనసు రాలేదు.